సెల్లు మూగబోయిన రోజు పలికేది రేడియోనే

2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు పెన్నలో కలిసి మన సోమశిలకు వచ్చాయి. ఆ వరదలో సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలాల్సి వచ్చింది. డ్యాం కిందున్న సోమేశ్వరాలయం దెబ్బతింది. అనంతసాగరం, ఆత్మకూరు, చేజర్ల, సంగం మండలాల్లో పెన్న ఒడ్డు ఊళ్లలోకి, కయ్యల్లోకి నీళ్లు వచ్చాయి. కింద పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగి బండ్లు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి.

ఆ వరద నష్టం గురించి మన సంఘం అప్పట్లోనే మాట్లాడింది. ఇప్పుడు అడుగుతున్నది వేరే ప్రశ్న. డ్యాం దగ్గర గేట్లు ఎత్తే మనిషికి తెలిసిన సంగతి, పది మైళ్ల కింద ఏటి ఒడ్డున మోటారు పెట్టుకున్న రైతుకు ఎట్లా చేరుతుంది? సెల్లుకు మెసేజి పెడతామంటారు. వాట్సాప్ గ్రూపులో వేస్తామంటారు. టీవీలో కింద గీతలాగా వస్తుందంటారు. ఈ మూడింటికీ కరెంటు ఉండాలి, టవరు నిలబడాలి, టవరుకు కరెంటు లేకపోతే బ్యాటరీ అన్నా మిగిలి ఉండాలి. గాలివాన వచ్చిన రాత్రి ముందుగా పోయేవి సరిగ్గా అవే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు అంత పెద్ద నగరంలోనే రోజుల తరబడి కరెంటు లేదు, సెల్లులు పలకలేదు. సీతారామపురం, మర్రిపాడు లాంటి చోట మన పరిస్థితి ఏమిటో వేరే చెప్పాలా?

అందుకే ఈ సంచికలో ఒక చిన్న వస్తువు గురించి రాస్తున్నాం. చొక్కా జేబులో పట్టే రేడియో. దానికి గోడ గడియారంలో వేసే సెల్లు రెండు వేస్తే వారాల తరబడి పలుకుతుంది. రీచార్జి లేదు, పాస్‌వర్డు లేదు, ఓటీపీ లేదు. కరెంటు పోయినా, ఊళ్లో టవరు పడిపోయినా, వందల కిలోమీటర్ల అవతల ఒక్క ప్రసార కేంద్రం నడుస్తుంటే చాలు, మాట వినపడుతుంది. పొలానికి కొట్టే మందు డబ్బా ఒకదాని ఖరీదులో వస్తుంది.

'ఈ రోజుల్లో రేడియో ఎవరు వింటారు, ఫోనులోనే అన్నీ ఉన్నాయి కదా' అనేవాళ్లు మన సభ్యుల్లోనే చాలామంది ఉన్నారు. ఫోను వద్దని మేము అనడం లేదు. మనం అడిగి తెలుసుకోవడానికి ఫోను మంచిది. అందరికీ ఒకేసారి చెప్పడానికి రేడియో మంచిది. పైగా ఫోనుకు ఒక తాడు కట్టి ఉంది, దాని కొస వేరేవాళ్ల చేతిలో ఉంది. 2021 జనవరి ఆఖర్లో ఢిల్లీ సరిహద్దుల్లో సింఘు, టిక్రీ, ఘాజీపూర్ దగ్గర మన రైతులు కూర్చున్నప్పుడు ప్రభుత్వం అక్కడ ఇంటర్నెట్ ఆపేసింది. ఒక్క ఆర్డరుతో వేలమంది చేతుల్లో ఫోన్లు బొమ్మలైపోయాయి. రేడియో సెట్టును ఆ విధంగా ఆపడం కుదరదు. 1975 ఎమర్జెన్సీలో మన పత్రికలకు సెన్సారు పెట్టినప్పుడు, దేశంలో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి జనం రాత్రిపూట షార్ట్ వేవ్‌లో బీబీసీ వినేవాళ్లు. లండన్ నుంచి వచ్చే మాటను ఊరి పోలీసు ఆపలేడు.

ఇంకొక సంగతి. మన సంఘంలో కౌలు రైతులున్నారు, కూలికి పోయే ఆడవాళ్లున్నారు, జీవాలు తోలుకొని దుర్గం కొండ పక్కకు పోయే కాపరులున్నారు. వీళ్లలో పెద్ద ఫోను లేనివాళ్లు, ఉన్నా నెలనెలా డేటా వేయించలేనివాళ్లు తక్కువేమీ కాదు. సమాచారం యాప్‌లో మాత్రమే పెడితే వాళ్లను ఊరి బయట నిలబెట్టినట్టే.

మన మెట్టకు ఏ రేడియో పనికొస్తుంది

బజారులో ఇప్పుడు దొరికే పాటల పెట్టెలు, బ్లూటూత్ స్పీకర్లు చాలావాటిలో ఎఫ్‌ఎం ఒక్కటే ఉంటుంది. అది చూసి 'రేడియో ఉంది కదా' అనుకోవద్దు. ఎఫ్‌ఎం తరంగం మన చూపు లాంటిది, తిన్నగా పోతుంది. కొండ అడ్డం వస్తే ఆగిపోతుంది. పెద్ద కేంద్రమైనా యాభై అరవై కిలోమీటర్లు దాటితే నీరసపడుతుంది. నెల్లూరు నుంచి ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు. పడమర పక్క వెలిగొండలు గోడలాగా నిలబడి ఉన్నాయి. కాబట్టి మన మెట్టలో ఎఫ్‌ఎం మీద పూర్తిగా ఆధారపడలేం.

మీడియం వేవ్ అట్లా కాదు. అది నేలను పట్టుకొని నీళ్లు పారినట్టు పోతుంది, కొండల మీదుగా వంగుతుంది. ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద, కడప 900 మీద వస్తాయి. రెండూ వంద కిలోవాట్ల కేంద్రాలు. కడప కేంద్రం కొండకు అవతలే ఉంది కాబట్టి ఉదయగిరి పక్క ఊళ్లకు దగ్గర. విజయవాడ 1948 నుంచి, కడప 1963 నుంచి తెలుగులో మాట్లాడుతున్నాయి. పొద్దుగూకాక హైదరాబాదు 738, చెన్నై 720 కూడా దొరుకుతాయి. పగలు ఎత్తున ఉండే ఒక గాలిపొర సూర్యుడి ప్రభావంతో మీడియం వేవ్‌ను మింగేస్తుంది. రాత్రి ఆ పొర పలచబడి, తరంగం ఇంకా పై పొరకు తగిలి తిరిగి దూరాన దిగుతుంది. దూరపు కేంద్రాలు రాత్రి మాత్రమే పలకడానికి కారణం అదే.

మూడోది షార్ట్ వేవ్. ఇది ఆకాశానికి కొట్టి దిగే తరంగం. వేల కిలోమీటర్లు పోతుంది. సిలోన్ రేడియో తెలుగు పాటలు మన ఊళ్లకు వచ్చింది దీని మీదే. ఆకాశవాణి హైదరాబాదు కూడా ఒకప్పుడు 4800 కిలోహెర్ట్జ్ మీద షార్ట్ వేవ్‌లో పలికేది. ఉన్నమాట చెప్పాలి. ఈ రోజు షార్ట్ వేవ్‌లో మనకు పనికొచ్చే తెలుగు చాలా తక్కువ. మన దేశంలో ప్రాంతీయ షార్ట్ వేవ్ ప్రసారాలు చాలావరకు ఆగిపోయాయి. బీబీసీ హిందీ కూడా 2020 జనవరి 31తో షార్ట్ వేవ్ వదిలేసింది. అయినా మూడు బ్యాండ్ల సెట్టే కొనమని చెబుతున్నాం. ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది. దగ్గరి కేంద్రాలు అన్నీ మూగబోయిన రోజున దూరం నుంచి మాట తేగలిగేది అదొక్కటే.

కాబట్టి కొనేముందు సెట్టు మీద చూడండి. ఎఫ్‌ఎం పక్కన ఏఎం అనో ఎండబ్ల్యూ అనో, ఎస్‌డబ్ల్యూ అనో రాసి ఉండాలి. సెల్లులు వేసి నడిచే సెట్టు తీసుకోండి. చార్జింగు పెట్టే బ్యాటరీ ఒక్కటే ఉన్న సెట్టు కరెంటు లేని నాడు ఫోనులాగే పడుకుంటుంది. అంకెలు చూపించే డిజిటల్ సెట్టయితే మీడియం వేవ్ 'అడుగు' 9 మీద పెట్టించుకోండి. మన దేశంలో కేంద్రాల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్. అమెరికా లెక్కలో 10 మీద ఉంటే సెట్టు 830 నుంచి 840కి దూకుతుంది, మధ్యలో ఉన్న 837 సరిగా పట్టదు. సెట్టు పాడైందని కొందరు పక్కన పారేసేది దీనివల్లే.

వాడుకునే పద్ధతి

మీడియం వేవ్ వినేటప్పుడు పైకి లాగే ఏరియల్‌తో పని లేదు. సెట్టు లోపల నల్లటి కడ్డీకి చుట్టిన సన్నటి రాగి తీగే దానికి ఏరియల్. అందుకని మాట సరిగా రాకపోతే ఏరియల్ లాగొద్దు, సెట్టునే నెమ్మదిగా పక్కకు తిప్పండి. ఒక దిక్కులో మాట స్పష్టంగా వస్తుంది, దానికి అడ్డంగా తిప్పితే సన్నగిలుతుంది. రెండు కేంద్రాలు కలిసిపోయి వినపడినా ఇట్లా తిప్పే ఒకదాన్ని తగ్గించుకోవచ్చు. ఎఫ్‌ఎంకు, షార్ట్ వేవ్‌కు మాత్రం ఏరియల్ పూర్తిగా లాగాలి.

షార్ట్ వేవ్ సరిగా రాకపోతే ఐదారు మీటర్ల తొడుగు తీగ తీసుకొని, ఒక కొస ఒలిచి ఏరియల్‌కు చుట్టండి. రెండో కొస చెట్టు కొమ్మ మీదికి వేయండి. కరెంటు తీగల దరిదాపుల్లో వేయొద్దు. ఉరుములు మొదలవగానే ఆ తీగ పీకేయండి. షార్ట్ వేవ్‌లో పగలు పెద్ద అంకెల మీద, రాత్రి చిన్న అంకెల మీద వెతకాలి. ఈ ఒక్క లెక్క గుర్తుంటే సగం కష్టం తీరుతుంది.

ఇంట్లో గరగర ఎక్కువగా ఉంటే తప్పు సెట్టుది కాకపోవచ్చు. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టరు, సెల్లు చార్జరు, టీవీ ఇవన్నీ మీడియం వేవ్‌ను చెడగొడతాయి. వాటికి దూరంగా వాకిట్లోకి రండి. వాడనప్పుడు సెల్లులు తీసి పెట్టండి. లోపలే ఉంటే కారి, రేకు తుప్పు పట్టి సెట్టు పాడవుతుంది. తుఫాను రోజుల్లో సెల్లులు నాలుగు అదనంగా ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచుకోండి.

ఈ గరగర కూడా రైతుకు పనికొస్తుందని చాలామందికి తెలియదు. మెరుపు మెరిసినప్పుడల్లా మీడియం వేవ్‌లో 'చటుక్కు'మని ఒక శబ్దం వస్తుంది. ఏ కేంద్రమూ లేని చోట ముల్లు పెట్టి ఉంచితే, దూరాన ఉరుము వినపడక ముందే ఈ చటుకులు మొదలవుతాయి. అవి దగ్గరదగ్గరగా, గట్టిగా వస్తున్నాయంటే ఉరుముల మబ్బు మన వైపు వస్తోందని అనుమానించాలి. పొలంలో ఉన్నవాళ్లు, జీవాల కాపరులు అప్పుడే పక్కా ఇంటికి చేరుకోవాలి, చెట్టు కిందికి పోవద్దు. ఇది వాతావరణ శాఖ హెచ్చరికకు బదులు కాదు. చటుకులు రాలేదు కదా అని ధైర్యపడి ఉండిపోవద్దు.

పందుల బెడదకు సోలారు ఝట్కా కంచె వేసుకున్న రైతులకు ఇంకొక ఉపయోగం. కంచె తీగ ఎక్కడో గడ్డికి తగిలి కరెంటు కారిపోతుంటే ఆ చోటు వెతకడం పెద్ద పని. రేడియో మీడియం వేవ్‌లో పెట్టి కంచె వెంబడి నడిస్తే, నిప్పు కొట్టే చోట 'టిక్ టిక్' శబ్దం గట్టిపడుతుంది. అదే విధంగా కరెంటు స్తంభం దగ్గర రేడియో గట్టిగా బుర్రుమంటుంటే పైన ఇన్సులేటరు చెడి ఉండొచ్చు. స్తంభాన్ని తాకకుండా లైన్‌మన్‌కు చెప్పండి.

రేడియో ఉంటే సరిపోదు

అయితే సెట్టు కొనగానే రైతుకు న్యాయం జరిగిపోదు. అందులోంచి మనకు కావలసిన మాట రావాలి. ఇక్కడే సంఘానికి పని ఉంది.

రేడియో మాట రైతు మడిలో పంటగా మారిన కాలం ఉంది. 1960లలో తమిళనాడు తంజావూరు రైతులు ఏడీటీ-27 అనే కొత్త వరి గురించి తిరుచిరాపల్లి రేడియోలో విని, ఆ వంగడానికే 'రేడియో బియ్యం' అని పేరు పెట్టుకున్నారు. 1966 నుంచి ఆకాశవాణిలో వ్యవసాయ విభాగాలు పెట్టారు. మన ఊళ్లలో పంచాయతీ ఆఫీసు మీద గొట్టం కట్టి సాయంత్రం రేడియో పెట్టేవాళ్లు. ఇంట్లో సెట్టు కొన్నవాళ్లు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్లు. అంత కష్టంలోనూ జనం విన్నారు, ఎందుకంటే అందులో తమకు పనికొచ్చే మాట ఉంది.

అంతకు ముందు 1956లో పూనా చుట్టుపక్కల మహారాష్ట్ర జిల్లాల్లో ఒక ప్రయత్నం చేశారు. యునెస్కో తోడ్పాటుతో 150 గ్రామాల్లో రైతులను గుంపుగా కూర్చోబెట్టి, వారానికి రెండుసార్లు, పది వారాలు, మొత్తం 20 కార్యక్రమాలు వినిపించారు. విన్న తర్వాత అక్కడే చర్చ. సందేహాలు రాసి రేడియోకు పంపితే జవాబు వచ్చేది. చివర లెక్క చూస్తే, రేడియో ఉన్నా ఎవరికి వారే విన్న ఊళ్ల కన్నా, కలిసి కూర్చుని విని మాట్లాడుకున్న ఊళ్లలో రైతులు చాలా ఎక్కువ నేర్చుకున్నారు. 1959లో దేశమంతటా ఈ గ్రామీణ రేడియో వేదికలు పెట్టారు. తర్వాత్తర్వాత పట్టించుకునేవాళ్లు లేక ఎండిపోయాయి.

కలిసి కూర్చుని వింటే ఏమవుతుందో మనకు పూనా వాళ్లు నేర్పనక్కర లేదు. కలిగిరి మండలం దూబగుంట మన పక్క ఊరే. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి చేరిన ఆడవాళ్లు, వాచకంలో సీతమ్మ కథ చదివి, తమ ఊళ్లో సారా సంగతి మాట్లాడుకున్నారు. ఆ మాట ఊరు దాటి, జిల్లా దాటి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చింది. ఆ కథ ఒక్కొక్కరు ఇంట్లో కూర్చుని చదువుకుంటే అంత దూరం పోయేదా? నలుగురు చేరి చదివారు కాబట్టి పోయింది. రేడియో అయినా అంతే.

ఇప్పుడు మన రేడియో పరిస్థితి చూడండి. ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసార భారతి 1997 నుంచి స్వతంత్ర సంస్థ. నడిచేది మాత్రం మన పన్నుల డబ్బుతో. ఇప్పుడు ఎఫ్‌ఎం, యాప్ ఇవే రేపటి దారి అంటున్నారు. నగరాలకు అది సరిపోవచ్చు. మీడియం వేవ్‌ను పాతసామానుగా చూసి ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోతే నష్టపోయేది కొండ కింది ఊళ్లే. డిజిటల్ మీడియం వేవ్ అని కొత్త యంత్రాలు పెట్టారు, కానీ దాన్ని అందుకునే సెట్టు సామాన్యుడు కొనే ధరలో లేదు. మామూలు సెట్టుకు అందే ప్రసారం ఆపి, ఎవరి దగ్గరా లేని సెట్టుకు ప్రసారం చేస్తే ఎవరికి లాభం?

కార్యక్రమాల సంగతి కూడా అడగాలి. కాలువ కింద వరి సాగు గురించి చాలా చెబుతారు. మెట్టలో పొగాకు, బత్తాయి, నిమ్మ, మినుము, శనగ, జీవాల రోగాలు, వీటి మాట ఎంత వినపడుతోంది? డీసీపల్లి, కలిగిరి వేలం కేంద్రాల్లో ఈ రోజు పొగాకు ఏ రకం ఎంత పలికిందో ఆ సాయంత్రం రేడియోలో చదివితే, రేపు బేళ్లు తెచ్చే రైతు కళ్లు తెరుచుకొని వస్తాడు. పొదలకూరు నిమ్మ మార్కెట్టు ధర ఒక రోజుకు ఒక రోజుకు పొంతన ఉండదు. తోటలో కాయ కోయించేముందు ధర తెలిస్తే దళారి చెప్పిందే వేదం కాకుండా పోతుంది. వడ్ల ధర కూడా పుట్టి లెక్కలో, మనకు అర్థమయ్యే లెక్కలో చెప్పాలి. ఇవన్నీ కష్టమైన పనులు కావు. రోజుకు ఐదు నిమిషాలు చాలు.

అందుకని మన సంఘం ఈ కోర్కెలు ప్రభుత్వం ముందూ, ఆకాశవాణి ముందూ పెడుతోంది. విజయవాడ, కడప కేంద్రాల మీడియం వేవ్ ప్రసారాలు మామూలు సెట్టుకు అందేలా పూర్తి బలంతో కొనసాగించాలి. సోమశిల నుంచి, సంగం బ్యారేజి నుంచి వరద వదిలే రోజుల్లో ఎంత వస్తోంది, ఎంత వదులుతున్నారు అనేది గంటగంటకూ మీడియం వేవ్‌లో చదవాలి, ఏ ఊళ్లకు ముప్పో పేరు పెట్టి చెప్పాలి. మెట్ట మార్కెట్ల ధరలు రోజూ సాయంత్రం ప్రసారం చేయాలి. ప్రతి గ్రామ సచివాలయంలో, రైతు సేవా కేంద్రంలో సెల్లులతో నడిచే మూడు బ్యాండ్ల రేడియో ఒకటి ఉండాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో మన ప్రతి గ్రామ కమిటీ చందా డబ్బుతో ఒక రేడియో కొనాలి. వారానికి ఒక సాయంత్రం రచ్చబండ మీదనో, బ్యారన్ దగ్గరనో పదిమంది చేరి రైతుల కార్యక్రమం కలిసి వినండి. విన్న తర్వాత టీలు తాగి లేచిపోకుండా అరగంట మాట్లాడుకోండి. ఆడవాళ్లను, కౌలు రైతులను పిలవండి. వచ్చిన సందేహం, లేదా 'మా పంట గురించి చెప్పలేదు' అనే ఫిర్యాదు, ఒక కార్డు మీద రాసి విజయవాడ, కడప కేంద్రాలకు పంపండి. మీ ఊళ్లో ఏ కేంద్రం పగలు వినపడుతోంది, ఏది రాత్రి వినపడుతోంది, ఏది అసలు రావడం లేదు అనే వివరం సంఘం ఆఫీసుకు రాయండి. ఊరి పేరు, తేదీ, వేళ రాస్తే చాలు. అన్ని ఊళ్ల కార్డులూ చేరితే, మీడియం వేవ్ ఎవరికీ అక్కర్లేదనే మాటకు మన దగ్గర రాతపూర్వకంగా జవాబు ఉంటుంది.

వచ్చే ఈశాన్య రుతుపవనాల లోపు ఈ పని ముగియాలి. పెన్నకు మళ్లీ వరద రాదని ఎవరూ రాసివ్వలేరు. వస్తే మాత్రం, డ్యాం దగ్గర తెలిసిన మాట ఈసారి చివరి కయ్య దాకా చేరాలి.